ఆయన తాగలేదు

పెనుకొండలో మా వీధి నుంచి ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ గేటు ముందరి టీ కొట్ల వరకు ఇప్పటికీ ఒక మాట తిరుగుతోంది. మా ఇంటి పై పోర్షన్‌లో అద్దెకున్న కొరియా ఇంజనీరు ప్రతి ఆదివారం తలుపేసుకొని తాగేవాడట. ఒకరోజు ఆ మైకంలోనే రైలెక్కి ధర్మవరం స్టేషన్‌లో పడిపోయాడట. అందుకే కంపెనీ ఆయన్ని ఇంటికి పంపించేసిందట.

ఈ మాట పుట్టించింది నేనే. నోటితో చెప్పి ఊరుకోలేదు, కాగితం మీద సంతకం కూడా పెట్టాను. ఆయన తాగలేదు. మా ఇంట్లో ఉన్న ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా తాగగా చూడలేదు. కంపెనీ విందుల్లో అందరూ గ్లాసులు ఎత్తితే ఆయన సోడా పట్టుకొని ఒక మూల నిలబడేవాడు. ఆదివారం ఆ తలుపు వెనక ఆయన ఏం చేసేవాడో ఈ ఊరిలో నాకు ఒక్కడికే తెలుసు.

మాది సేద్యం చేసుకునే ఇల్లు. కార్ల ఫ్యాక్టరీ వచ్చాక దానికి సామాన్లు చేసిచ్చే చిన్న కంపెనీలు చుట్టూ లేచాయి. అట్లాంటి ఒక కంపెనీకి నేను నెల బాడుగకు కారు అటాచ్ పెట్టాను. నడిపేదీ నేనే. పెనుకొండలో మేడ మీద రెండు గదులు వేసి వాళ్ళ ఇంజనీరుకే అద్దెకిచ్చాను. అంటే పొద్దున ఆయన్ని ఫ్యాక్టరీకి తీసుకుపోయేది నేనే, సాయంత్రం తెచ్చేది నేనే, ఆయన తల మీది కప్పు కూడా నాదే.

నలభై నాలుగేళ్ళ మనిషి. ప్లాస్టిక్ అచ్చుల పని. భార్య, బిడ్డ వాళ్ళ దేశంలోనే ఉన్నారు. ఇద్దరం ఫోన్‌లో యాప్ పెట్టుకొని మాట్లాడుకునేవాళ్ళం. ఆయన తన భాషలో చెబితే అది తెలుగులో చదివేది. అది పుస్తకాల తెలుగు. "మీరు భోజనము చేసితిరా" అని ఫోన్ అడిగితే మా అమ్మ పక్కకు తిరిగి నవ్వేది. ఆయన ఆమెను అవ్వా అని పిలిచేవాడు. మా అమ్మాయి పిలవడం విని నేర్చుకున్నాడు.

రెండో వేసవిలో ఆయన మారిపోయాడు. మనిషి చిక్కాడు. కారెక్కితే సీటు అంచు పట్టుకొని కూర్చునేవాడు. ఒక పొద్దున హైవే మీద ఆపమని సైగ చేశాడు. దిగి, కంచె పక్కన వంగి నిలబడి గాలి అందనివాడిలా ఆయాసపడ్డాడు. గుండెపోటేమో అని నేను నేరుగా హిందూపురం తీసుకుపోయాను. అక్కడ డాక్టరు అన్నీ చూసి, గుండె బాగుందన్నాడు. నిద్రమాత్రలు రాసిచ్చి, నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

"మనసు బాగలేదప్పా ఆయనకు. బెంగళూరులో చూపించుకోమను. ఈడ నాతో కాదు."

బెంగళూరుకూ తీసుకుపోయాను. పెద్ద ఆసుపత్రి. డాక్టరు మంచివాడే, ఇంగ్లీషులో అడిగాడు. ఈయన లోపల ఇరవై నిమిషాలు కూర్చొని బయటికి వచ్చేశాడు. తిరిగొచ్చే దారిలో చాలాసేపటికి ఫోన్ చేతికి తీసుకున్నాడు. ఫోన్ చెప్పింది: "నా వద్ద ఉన్న ఇంగ్లీషు బోల్టులను గురించి మాట్లాడుటకు మాత్రమే సరిపోవును. నా తండ్రిని గురించి చెప్పుటకు సరిపోదు."

ఆ మాట విన్నాక నేను అద్దంలో ఆయన్ని చూడలేదు.

తర్వాత ఆయనే వెతుక్కున్నాడు. పరదేశాల్లో పనిచేసే తమ వాళ్ళతో ఫోన్‌లోనే మాట్లాడి మనసు నయం చేసే ఒకామె వాళ్ళ దేశంలో ఉందట. ఆమెకు ఖాళీ ఉన్నది ఆదివారం రాత్రి ఎనిమిదికి. మనకప్పుడు సాయంత్రం నాలుగున్నర. ఒక గంట. ఆయన మెట్ల మీద నన్ను ఆపి, యాప్‌లో మూడు సంగతులు చెప్పాడు. ఆ గంటలో ఎవరూ పైకి రాకూడదు. కంపెనీకి తెలియకూడదు. వాళ్ళ దగ్గర మనసు జబ్బని ఫైలులో పడితే మళ్ళీ ఎవరూ పని అప్పగించరు. నేను తలూపాను. నాకు బాగా అర్థమైంది. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత నేను అర్థం కానట్టు చాలా నటించాను.

ఇంట్లో అమ్మ ఊరుకోలేదు.

"ఏమైంది రా ఆయప్పకు?"

"నిద్ర పట్టలేదంట మా."

"నిద్ర కాదు, మనాది. మొగం చూస్తే తెలీలేదా నీకు? మనిషిని పైన ఒంటిగా ఇడిసిపెడితే యాడన్నా బాగయితాదా?"

"ఫోన్లో డాక్టరమ్మతో మాట్లాడతాండాడు. ఆమె చూసుకుంటాది."

"ఫోన్లో మాట్లాడితే మనాది పోతాదా? అట్లయితే నీ పెండ్లానికి ఈపాటికి ఒక్క రోగమూ ఉండగూడదు."

లోపల గిన్నెల చప్పుడు పెద్దదైంది. మా ఆవిడ వినింది.

మా పల్లెల్లో మనాది పట్టిన మనిషిని వదలరు. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు వచ్చి పక్కన కూర్చుంటారు. మాట్లాడినా మాట్లాడకపోయినా మనిషి ఉంటారు. మా చిన్నాయన గొర్రెలన్నీ రోగమొచ్చి చచ్చిన ఏడాది, ఆయనతో నెలరోజులు అట్లే కూర్చున్నారు. తర్వాత శనక్కాయల పని వచ్చి అందరూ చేలకు పోయారు. ఆ ఒక్క పూటే ఆయన లేచి చెరువు దిక్కు పోయాడు. ఇంక ఇంటికి రాలేదు. ఎవరో ఒకరు ఉండింటే అని మా అమ్మ ముప్పై ఏళ్ళు అంటూనే ఉండింది.

కాబట్టి మొదటి ఆదివారం అమ్మ ఒబ్బట్లు తీసుకొని పైకి పోతుంటే నేను ఆపలేదు. గంట చూశాను, నాలుగు నలభై. రెండో ఆదివారం నేనే మా బామ్మర్దిని పంపాను. మూడో ఆదివారం ముదిగుబ్బ నుంచి మా మామ వచ్చాడు, అమ్మకు తమ్ముడు. గొర్రెలు మేపే మనిషి, గొంతు పెద్దది. ఆయన వెనకే నేనూ ఎక్కాను.

తలుపు తీశాడు. ఒక చెవిలో ఇయర్‌ఫోన్, రెండోది ఛాతీ మీద వేలాడుతోంది. టేబుల్ మీద ల్యాప్‌టాప్, అందులో కళ్ళద్దాల ఆడమనిషి ఒకామె ఎదురుచూస్తోంది. ఈయన మా మామ నెరిసిన మీసం చూసి నడుం వంచి దండం పెట్టాడు. వాళ్ళలో పెద్దవాళ్ళు వస్తే పొమ్మనడం ఉండదు. పోయి ల్యాప్‌టాప్ మూసి, కుర్చీ లాగాడు.

"ఏమప్పా కొరియా," అన్నాడు మామ, మంచం మీద కూర్చుంటూ. "ఊరి మీద ధ్యాస పడిందంటనే. మేము లేమా నీకు? ఈడ ఏం తక్కువ చెప్పు, ఎండ కావల్నా, కాస్తాది. గాలి కావల్నా, ఫ్యాను ఉండాది."

నేను యాప్‌లో పెట్టాను. ఆయన చదివి నవ్వాడు. మామ ఫోటో కావాలన్నాడు, తీశాను. మామ లేచేసరికి అయిదు నలభై.

చిన్నాయనలాగే అవుతాడేమో అన్న భయంతోనే ఇదంతా చేశానని కొన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. భయం సగమే. మా ఇంట్లో కొరియా ఇంజనీరు ఉంటాడు, మేము పోతే లేచి నిలబడతాడు అని చుట్టాలకు చూపించుకోవడంలో నాకు గొప్ప ఉండింది. ఆదివారమే చుట్టాలకు తీరిక.

ఇట్లా ఏడెనిమిది వారాలు గడిచాయి. ఆ డాక్టరమ్మ ఫీజు పోతూనే ఉంది, గంట మాత్రం ఈయనకు మిగల్లేదు. ఒక సోమవారం కారులో యాప్ తీయకుండా, తనకొచ్చిన తెలుగులోనే అడిగాడు.

"అన్నా. ఆదివారం. ఎవరూ వద్దు. నాకు మాట్లాడాల."

"సరే సార్."

"నిజం?"

"నిజం సార్."

ఆ ఆదివారం మెట్ల కింద కుర్చీ వేసుకొని కాపలా కూర్చున్నాను. ఇద్దరిని వెనక్కి పంపాను. అయిదు కాకముందే పై నుంచి ఏడుపు వినబడింది. మగమనిషి ఏడుపు. బోరుమని కాదు, బిగబట్టి బిగబట్టి వదులుతున్న ఏడుపు. నేను లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. ఇంట్లో ఒక మనిషి ఏడుస్తుంటే కింద కుర్చీలో కూర్చోవడం నాకు చేతకాలేదు. లోపలికి పోయి అమ్మను పంపాను. ఆమె అడగలేదు, నేనే పంపాను. గడియ పెట్టని తలుపు తోసుకొని పోయి, ఆ కళ్ళద్దాలామె చూస్తుండగానే కొంగుతో ఆయన మొగం తుడిచింది.

"ఏడవద్దు నాయనా, ఏడవద్దు. మేముండాము."

ఆయన ఏడుపు ఆపేశాడు. ఆయన దాన్ని ఆపుకోకుండా ఉండాలనే ఆ డాక్టరమ్మ అన్ని వారాలు ప్రయత్నం చేస్తోందని చాలా తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, అమ్మ భుజం మీదుగా ఆయన మెట్ల మీదున్న నన్ను చూశాడు.

మరుసటి ఆదివారం మూడు గంటలకు పైకి పోతే తాళం వేసి ఉంది.

అట్లా చెప్పకుండా ఎప్పుడూ పోలేదు. కారు కింద ఉంది. ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. కొండ కింద వెతికాను, బస్టాండులో అడిగాను. వాళ్ళ తిండి దొరికే హోటలు ఒకటి ఉంది, అక్కడికీ పోయాను. నాలుగున్నర దాటాక ఫోన్ బిజీ అని రావడం మొదలైంది. అప్పుడైనా నాకు తట్టాలి. తట్టలేదు. చిన్నాయన సంగతి తప్ప ఇంకేదీ నా తలలో లేదు. చెరువు కట్ట మీద నిలబడి తెలిసిన కానిస్టేబుల్‌కు చేశాను. ఆ తర్వాత ఫ్యాక్టరీ అడ్మిన్ మేనేజరుకూ చేశాను. ఆ రెండో ఫోన్ చేయకుండా ఉంటే ఈ కథ వేరే.

ఆరింటికి కానిస్టేబుల్ చెప్పాడు, ధర్మవరం స్టేషన్‌లో ఉన్నాడట. నేను పోయేసరికి రైల్వే పోలీసు గదిలో బెంచీ మీద కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా, రెప్పలు ఉబ్బి. కిటికీ దగ్గర పదిమంది.

"ఫుల్లు తాగిండాడు," అంటున్నాడు ఒకతను.

"ప్లాట్‌ఫారం కొనాకు కూసోని ఒకటే ఏడుపబ్బా," అన్నాడు ఇంకొకతను. "ఫోన్ పట్టుకోని. పెండ్లాం ఇడిసిపెట్టిందేమో."

నేను పోయి ఆయన పక్కనే, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా కూర్చున్నాను. వాసన లేదు. ఇది నేను కోర్టులోనైనా చెప్పగలను. వాసన లేదు.

కారులో ఆయనే చెప్పాడు, యాప్‌తో. మధ్యాహ్నం పాసింజర్ ఎక్కాడట. ధర్మవరంలో దిగి ప్లాట్‌ఫారం చివరి బెంచీ చూసుకున్నాడట. "స్టేషన్‌లో అందరూ రైలు కొరకు వచ్చెదరు. రైలు రాగానే వెళ్ళిపోయెదరు. నా వద్ద ఎవరూ కూర్చొనరు." ఆ గంట పూర్తిగా మాట్లాడాడట. అన్ని వారాలలో మొదటిసారి. ముగిశాక ఫోన్ పెట్టి ఏడుస్తుంటే పోలీసులు వచ్చారట, ఎందుకంటే అప్పటికే నేను ఆయన కోసం ఊరంతా వెతికిస్తున్నాను.

సోమవారం మేనేజరు నన్ను పిలిచాడు. మడకశిర వైపు మనిషి, ఎప్పుడూ నాతో బాగానే ఉండేవాడు.

"ఏమప్పా, కారు పెట్టుకోని ఆయప్ప రైల్లో ఎందుకు పోయినాడు?"

"తెలీదు సార్."

"తెలీదంటే ఎట్ల? కారు నీది, ఇల్లు నీది. పోలీసు దాకా పోయింది గదా, కొరియా హెడ్డాఫీసు నన్ను అడుగుతాండాది. మీ ఇంట్లో ఏమన్నా ఇబ్బంది పెట్టినారా ఆయన్ని?"

ఔను. ఒక్క మాటతో అయిపోయేది. ఔనంటే కారు పోతుంది, ఇల్లు ఖాళీ అవుతుంది, ఇంకొక కంపెనీ కూడా పిలవదు. ఇవన్నీ ఆ రెండు మూడు క్షణాల్లో నా కళ్ళ ముందర కదిలాయి.

"తాగుతాండాడు సార్," అన్నాను. "ఆదివారాలు తలుపేసుకుంటాడు. ఎవరినీ పైకి రానీడు."

మేనేజరు మొగం తేలికపడింది. తాగుడంటే ఆయన పైకి చెప్పుకోగలడు. "నాకూ అనుమానం ఉండె లే," అని ఇంగ్లీషులో ఒక పేజీ టైపు చేయించి, తెలుగులో అర్థం చెప్పి, కింద చోటు చూపించాడు. నెలల తరబడి ఆదివారం సాయంత్రాలు గది మూసుకొని తాగేవాడని, ఆ స్థితిలోనే ధర్మవరం పోయాడని అందులో ఉంది. ఆయన బాగుపడడానికి కష్టపడి సంపాదించుకున్న గంటను నేను తాగుడు గంటగా రాసిచ్చాను.

అది కూడా కాదు అసలు తప్పు. సంతకం పెడుతున్నప్పుడు నాకొక ధైర్యం ఉండింది. ఆయన దీన్ని కాదనలేడు. కాదనాలంటే, మరి ఆ గంటలో ఏం చేసేవాడివి అని అడుగుతారు. అది ఆయన చెప్పలేడు. ఎందుకు చెప్పలేడో నాకు మెట్ల మీద ఆయనే చెప్పాడు. నన్ను నమ్మి చెప్పిన రహస్యాన్ని పట్టుకొనే ఆయన నోరు కట్టేశాను.

అనుకున్నట్టే అయింది. గది లోపల ముగ్గురు ఆయన్ని గంటసేపు అడిగారు. నేను వరండాలో నిలబడ్డాను. బయటికి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఆ పేజీ కాపీ ఉంది. పదిరోజులకు వెనక్కి రమ్మని ఉత్తర్వు వచ్చింది.

విమానాశ్రయానికి వేరే కారు పంపారు. ఆయన రెండు పెట్టెలు దింపుకొని, అమ్మకు వంగి దండం పెట్టాడు. అమ్మ ఏడ్చింది. నేను పెట్టె అందుకోబోతే తీసుకోనివ్వలేదు. కారు తలుపు పట్టుకొని, యాప్ లేకుండా, మెల్లగా అన్నాడు.

"అన్నా. నీకు తెలుసు."

అంతే. కారు పోయింది.

టీ కొట్లో ఎవరడిగినా తర్వాత నేను అదే చెప్పాను, తాగుడు అని. ప్రతిసారీ కొంచెం కొంచెం పెరిగింది. సీసాలు నేనే పారేశానని కూడా ఒకసారి అన్నాను.

పోయిన నెల అమ్మ చనిపోయింది. మా వాళ్ళందరూ వచ్చారు. పదమూడు రోజులు నా పక్కన మనిషి లేని క్షణం లేదు. మామ నా మంచం పక్కనే పడుకున్నాడు. అందరూ ప్రేమతోనే ఉన్నారు. నాకు మాత్రం ఒక్క గంట గొంతు విడిచి ఏడవాలని ఉండింది. వాళ్ళ ముందర రాలేదు. తొమ్మిదో రోజు సాయంత్రం పైకి పోయి, ఖాళీగా ఉన్న ఆ గదిలో గడియ పెట్టుకున్నాను. నేల మీద కూర్చున్నానో లేదో తలుపు కొట్టారు.

"ఏమబ్బా, లోపల ఏం చేస్తాండావు? తీయి. ఒంటిగా ఉండగూడదు."

తీశాను. మామ కాఫీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. ఆయన వెనక ఇద్దరు. నేను కాఫీ తాగాను.

దినాలు అయిపోయాక ఆ పాత నంబరుకు యాప్‌లో రాశాను. పెద్దగా ఏం రాయలేదు. అమ్మ పోయిందని, నేను చేసింది తప్పని, క్షమించమని. నాలుగు రోజులు జవాబు లేదు. తర్వాత వచ్చింది.

"అవ్వ మరణించినందుకు చింతించుచున్నాను. నేను ఆ వైద్యురాలి వద్ద రెండు సంవత్సరములు మాట్లాడితిని. ఇప్పుడు బాగున్నాను. ఇంకొక దేశపు ఫ్యాక్టరీకి వెళ్ళుటకు దరఖాస్తు పెట్టితిని. నీ కాగితము ఇంకను నా ఫైలులో ఉన్నది. నాకు క్షమాపణ అవసరము లేదు. కాగితము అవసరము. ఇంగ్లీషులో వ్రాసి సంతకము చేసి పంపు. ఆ గంటలో నేను ఏమి చేసేవాడినో కూడా వ్రాయి. ఇప్పుడు నేను దాచుట లేదు."

నా కారు ఇప్పటికీ అదే కంపెనీలో ఉంది, అదే మేనేజరు కింద. ఈ కాగితం వాళ్ళ హెడ్డాఫీసుకు పోతే అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి ఒక పూట చాలు. మా ఆవిడతో చెప్పాను. "పంపితే కారు పోతాది," అంది. "పంపొద్దంటావా?" అన్నాను. "నేనట్ల అనలేదు," అని లేచి లోపలికి పోయింది. వారం రోజులు నానబెట్టాను.

మా అమ్మాయి హిందూపురంలో డిగ్రీ చదువుతోంది. నిన్న ఆదివారం, ఇంట్లో ఉన్నప్పుడు, టైపు చేసిపెట్టమని అడిగాను. ఫోన్ పట్టుకొని ఎదురుగా కూర్చుంది. నేను తెలుగులో చెబుతున్నాను, తను ఇంగ్లీషులో కొడుతోంది. మొదటి రెండు వాక్యాలు మామూలుగానే పోయాయి. మూడో వాక్యానికి తల ఎత్తింది.

"నాయనా, ఆయన తాగలేదా?"

"లేదు."

"నేను కాలేజీలో అందరికీ చెప్పినా, మా ఇంట్లో ఒకాయన..." ఆపేసింది. కొంచెంసేపు గోరు కొరుక్కుంది. "సరే. తాగినాడని పొరపాటున అనుకున్నా అని పెడతా. అట్లయితే నీకు ఇబ్బంది రాదు. ఆయన పనీ అయిపోతాది."

తను చెప్పింది నిజమే. అట్లా రాసినా ఆయన ఫైలు శుభ్రమవుతుంది. నాకు నోటిదాకా వచ్చింది, సరే అని.

"వద్దు," అన్నాను. "అబద్ధం చెప్పినా అని కొట్టు."

కొట్టింది.

"ఎందుకు చెప్పినావో రాయాల్నా?"

"రాయి. కారు పోతాదని చెప్పినా. ఆయన కాదనలేడని తెలిసి చెప్పినా. ఆ రెండూ రాయి."

మా అమ్మాయి వేళ్ళు ఆగిపోయాయి. నా వైపు చూస్తుందేమో అనుకున్నాను. చూడలేదు. ఫోన్‌ను ఒళ్ళోకి జరుపుకొని, తల వంచుకొని, ఆ రెండూ రాసింది.